యుద్ధకాలంలో నౌకాదళ సహాయక నౌకలుగా మారిన సరకు ఓడలు

నిర్వచనం, పరిధి

యుద్ధం వచ్చినప్పుడు వాణిజ్య సంస్థల సరకు ఓడలను ప్రభుత్వం స్వాధీనం చేసుకునో, అద్దెకు తీసుకునో, కొనుగోలు చేసో నౌకాదళానికి తోడ్పడే పనులకు అనువుగా మార్చినప్పుడు వాటిని మార్పిడి సహాయక నౌకలు అనవచ్చు. నడిసముద్రంలో యుద్ధనౌకలకు ఇంధనం అందించడం, మందుగుండు చేరవేయడం, దెబ్బతిన్న ఓడలను బాగుచేయడం, విమానాలను మోయడం లేదా ఎగరవేయడం, క్షతగాత్రులకు వైద్యం చేయడం ఈ పనుల్లో ముఖ్యమైనవి. దీనికి ఇరువైపులా దగ్గరి కోవలు రెండున్నాయి. మార్పేమీ లేకుండా సైనికులనో సామగ్రినో ఎక్కించుకుని వెళ్లే ఓడ కేవలం రవాణా నౌక. 1971 డిసెంబరులో కాక్స్ బజార్ దగ్గర దిగేందుకు భారత సైనికులను కలకత్తా నుంచి తీసుకెళ్లిన వాణిజ్య నౌక విశ్వవిజయ్ ఈ కోవది. దానిలోని సైనికులను సముద్రం మీదే ఘడియాల్, గుల్దార్ అనే దిగుడు నౌకల్లోకి మార్చాల్సి వచ్చింది. తుపాకులు దాచుకుని శత్రువు సరకు ఓడలను వేటాడిన జర్మనీ నౌక అట్లాంటిస్ వంటిది సహాయక క్రూయిజర్. అది స్వయంగా పోరాడే నౌక కాబట్టి ఇక్కడ పోలికకు మాత్రమే వస్తుంది.

ఈ మార్పిళ్ల ఫలితాలు ఒకేలా లేవు. కొన్ని ఓడలు మూడు రోజుల పనితోనే యుద్ధమంతా చక్కగా సేవ చేశాయి. కొన్ని నెలల తరబడి మార్పులు జరిగాక కూడా ఒక్క టార్పెడోకే ముక్కలయ్యాయి. ఈ తేడాకు కారణం షిప్‌యార్డులో గడిపిన కాలం కాదనీ, ఓడ శాంతికాలంలో చేసిన పనికీ యుద్ధం అప్పగించిన పనికీ మధ్య ఉన్న దూరమనీ చరిత్రలోని ఆధారాలు చూపుతాయి. దూరం తక్కువైన చోట మార్పిడి చౌకగా, త్వరగా కుదిరింది. ఎక్కువైన చోట కుదరలేదని కాదు, కుదరడానికి సమయమో ప్రాణాలో మూల్యంగా పోయాయి.

చట్టపరమైన స్థితి (చూ. హేగ్ ఒప్పందాలు, 1907)

ప్రైవేటు ఓడలకు యుద్ధాధికారం ఇచ్చే పాత పద్ధతిని 1856 నాటి పారిస్ ప్రకటన రద్దు చేసింది. తరువాత వాణిజ్య నౌకను యుద్ధనౌకగా మార్చడానికి హద్దులేమిటన్న ప్రశ్న మిగిలింది. రష్యా జపాన్ యుద్ధంలో అది తీవ్రమైంది. 1904లో పీటర్‌బుర్గ్, స్మొలెన్‌స్క్ అనే రష్యన్ ఓడలు వాణిజ్య పతాకంతో టర్కీ జలసంధులు దాటి, ఎర్రసముద్రంలో నౌకాదళ పతాకం ఎగరేశాయి; వాటిలో పీటర్‌బుర్గ్ బ్రిటిష్ ఓడ మలక్కాను పట్టుకుంది. బ్రిటన్ నిరసనతో రష్యా వెనక్కి తగ్గింది. 1907లో కుదిరిన ఏడవ హేగ్ ఒప్పందం మార్పిడికి షరతులు పెట్టింది: నౌక ప్రభుత్వపు ప్రత్యక్ష అధికారంలో ఉండాలి, యుద్ధనౌక గుర్తులు పైకి కనబడాలి, అధిపతి ప్రభుత్వం నియమించిన అధికారి కావాలి, సిబ్బంది సైనిక క్రమశిక్షణకు లోబడాలి, దేశం తన యుద్ధనౌకల జాబితాలో ఆ మార్పును ప్రకటించాలి. నడిసముద్రంలో మార్పిడి చేయవచ్చా అన్న విషయంపై మాత్రం దేశాలు ఏకాభిప్రాయానికి రాలేదు.

సహాయక నౌకల్లో ఎక్కువ భాగం ఈ షరతుల పరిధిలోకి రావు. పౌర సిబ్బందే వాటిని నడుపుతారు, వాణిజ్య పతాకమే ఉంటుంది. అటువంటి నౌకకు శత్రువు ఓడలను పట్టుకునే హక్కు లేదు. అయినా నౌకాదళానికి తోడ్పడుతున్నందువల్ల అది చట్టబద్ధమైన సైనిక లక్ష్యమే. 1994 నాటి సాన్ రెమో నియమావళి ఈ అవగాహననే క్రోడీకరించింది. యుద్ధనౌక హక్కులు లేకుండా యుద్ధనౌక ప్రమాదాన్ని పౌర నావికులు భరించాలన్నమాట. ఈ పద్ధతిపై వచ్చే నైతిక అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది ఇదే. ప్రమాదభత్యం, పరిహారం వంటివి దాని తీవ్రతను తగ్గిస్తాయి తప్ప తొలగించవు.

మార్పిడిలో జరిగే పని

సరకు ఓడలో నౌకాదళానికి పనికొచ్చేవి మూడు: పెద్ద సరకు గదులు, బరువులెత్తే డెరిక్కులు, తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం నడిచే ఇంజను. లోపాలు కూడా అక్కడి నుంచే మొదలవుతాయి. యుద్ధనౌక పొట్టను నీరు చొరబడని చిన్న చిన్న అరలుగా విభజిస్తారు. సరకు ఓడలో అంత విభజన ఉంటే సరకు పట్టదు. అందుకే ఒక గదికి చిల్లుపడినా, నిప్పంటుకున్నా నష్టం చాలా దూరం పాకుతుంది. పైగా నిండు బరువుతో తేలడానికి రూపొందిన ఓడను విమానాల వంటి తేలికైన, పైభాగంలో ఉండే బరువుతో నింపితే నీటిపై ఎత్తుగా తేలి విపరీతంగా ఊగుతుంది. అడుగున ఇనుమో రాళ్లో నింపి ఆ తూకం సరిచేయాలి.

మనుషుల విషయమూ చిన్నది కాదు. నలభై యాభై మంది కోసం కట్టిన ఓడలో వందలమంది ఉండాలంటే మంచినీటి యంత్రాలు, వంటశాల, మరుగుదొడ్లు, విద్యుత్తు, ప్రాణరక్షక పడవలు అన్నీ పెంచాలి. రేడియో, రహస్య సంకేత పరికరాలు, అయస్కాంత మందుపాతర్ల నుంచి కాపాడే తీగచుట్లు అమర్చాలి. ఇవన్నీ రేవులో చేయగల పనులే. ఓడ పొట్టను మళ్లీ విభజించడం, మందుగుండు గదిని పక్కగోడల నుంచి దూరంగా లోపలికి జరపడం మాత్రం త్వరగా అయ్యేవి కావు. తొందరలో వదిలేసినవి సాధారణంగా ఇవే.

తొలి ప్రయోగాలు: 1914–1918

బొగ్గుతో నడిచే నౌకాదళానికి బొగ్గు ఓడే ప్రాణం. స్థావరాలు లేని జర్మన్ క్రూయిజర్ ఎమ్‌డెన్ 1914 సెప్టెంబరు 22న మద్రాసుపై గుండ్లు కురిపించిన సంగతి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన తెలుగు జిల్లాల్లోనూ కలకలం రేపింది. ఆ నౌక బంగాళాఖాతంలో అన్ని వారాలు తిరగగలగడం వెనుక ఉన్న ఓడల గురించి తక్కువగా చెప్పుకుంటారు. మార్కొమానియా అనే జర్మన్ వాణిజ్య నౌక దానికి బొగ్గు మోసింది. కలకత్తా నుంచి బొగ్గుతో వస్తున్న గ్రీకు ఓడ పొంతొపొరోస్‌ను ఎమ్‌డెన్ వెంట తీసుకుపోయింది. బ్రిటిష్ నౌకాదళం కోసం వెళ్తున్న వెల్ష్ బొగ్గుతో చిక్కిన బ్యురెస్క్‌ను తన సహాయక నౌకగా చేసుకుంది. ఈ ఓడల్లో దాదాపు ఏ మార్పూ అవసరం కాలేదు. బొగ్గు మోసే ఓడ బొగ్గే మోసింది, గిరాకీదారు మాత్రం మారాడు.

బ్రిటన్ ఇంకో దారి చూసింది. యుద్ధారంభంలో పోర్ట్ సయీద్‌లో చిక్కిన జర్మన్ సరకు ఓడలు ఎన్ రిక్మర్స్, రాబెన్‌ఫెల్స్‌లపై ఫ్రెంచి నీటి విమానాలను ఎక్కించి, సరకు డెరిక్కులతోనే వాటిని నీటిమీదికి దించి, తిరిగి పైకి తీసుకున్నారు. ఈ ఓడలే తరువాత ఎన్, రావెన్ 2 పేర్లతో నౌకాదళంలో చేరాయి. సరకు దింపే పనికీ విమానం దింపే పనికీ తేడా తక్కువ కాబట్టే ఇది అంత తేలికగా కుదిరింది. జపాన్ 1937 నుంచి కమికవ మరు వంటి సరకు ఓడలను నీటి విమానాల వాహకాలుగా వాడినప్పుడు అనుసరించిందీ ఈ పద్ధతినే.

విమానవాహకాలు: పెద్ద దూరం, పెద్ద మూల్యం

చక్రాల విమానాలు ఎగిరి దిగే డెక్ సరకు ఓడపై కట్టడం పూర్తిగా వేరు పని. అట్లాంటిక్ నడుమ తీర విమానాలు చేరలేని ప్రాంతంలో జర్మన్ జలాంతర్గాముల వల్ల, దూరశ్రేణి బాంబర్ల వల్ల జరుగుతున్న నష్టం బ్రిటన్‌ను ఆ వైపు నెట్టింది. మొదట వచ్చిన ఉపాయం క్యామ్ నౌకలు. సరకు ఓడ ముందుభాగాన కాటపల్ట్ పెట్టి దానిపై ఒక హరికేన్ విమానాన్ని నిలిపేవారు. ఒకసారి ఎగిరితే దిగేందుకు చోటు లేదు. తీరం అందకపోతే పైలట్ సముద్రంలోకి దూకాల్సిందే. 35 నౌకలకు ఈ అమరిక చేశారు.

తరువాతి మెట్టు 1941లో సేవలో చేరిన ఆడాసిటీ. వెస్టిండీస్ దగ్గర పట్టుబడిన హనోవర్ అనే జర్మన్ సరకు ఓడ పైభాగం కోసి, దానిపై డెక్ పరిచారు. హ్యాంగర్ లేదు, విమానాలు ఎండకూ వానకూ డెక్ మీదే ఉండేవి. అయినా జిబ్రాల్టర్ కాన్వాయ్‌లకు తోడుగా వెళ్లి జర్మన్ బాంబర్లను కూల్చి, ఆ ఆలోచన సరైనదని నిరూపించింది. 1941 డిసెంబరు 21 రాత్రి జలాంతర్గామి యు-751 దాన్ని ముంచేసింది. అమెరికాలో మోర్మాక్‌మెయిల్ అనే సి3 రకం సరకు ఓడ 1941 జూన్ 2న లాంగ్ ఐలండ్ పేరుతో నౌకాదళంలో చేరింది. 1942 ఆగస్టు 20న గ్వాడల్‌కెనాల్‌కు తొలి యుద్ధవిమానాలను చేర్చింది అదే. ఆ తరువాత సి3 ఓడలను నిర్మాణంలో ఉండగానే తీసుకుని విమానవాహకాలుగా మార్చిన బోగ్ తరగతి వచ్చింది. బోగ్, దాని తోడు నౌకలు కలిసి పదికి పైగా జలాంతర్గాములను ముంచాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎదురవుతుంది. అంత దూరపు మార్పిడి ఇంతగా ఫలించినప్పుడు పనుల మధ్య దూరం నిర్ణాయకమని ఎలా అనగలం? దీనికి జవాబు ఈ నౌకల నష్టాల్లోనే ఉంది. 1942 నవంబరు 15న ఇలా మార్చిన బ్రిటిష్ విమానవాహకం అవెంజర్‌కు ఒక టార్పెడో తగిలింది. ఓడ పక్కగోడకు దగ్గరగా ఉన్న బాంబుల గది పేలడంతో ఐదువందల మందికి పైగా చనిపోయారు, బతికింది 12 మంది. 1943 మార్చి 27న అటువంటిదే అయిన డాషర్ శత్రువు దాడి ఏమీ లేకుండానే స్కాట్లండ్ తీరంలో పేలి 379 మందిని బలిగొంది. పెట్రోలు ఆవిరే కారణమని ఎక్కువమంది భావించారు. దీని తరువాత బ్రిటన్ తనకు వచ్చిన అమెరికన్ నౌకలన్నిటిలో బాంబుల గదులనూ ఇంధన వ్యవస్థనూ మార్చింది. దానివల్ల నౌకలు సేవలో చేరడానికి నెలలు ఆలస్యమవుతోందని అమెరికన్లు విసుక్కున్నారు. పేలే వస్తువులను పొట్టలో పెట్టుకునే నౌకకు ఉండాల్సిన లోపలి నిర్మాణం సరకు ఓడలో లేదు. దాన్ని కల్పించడానికి ఆలస్యం తప్పలేదు. నిర్మాణ దశలోనే ఓడను తీసుకోవడమంటే, నిజానికి, మార్పిడిని వదిలి కొత్త నౌకను కట్టడం వైపు జరగడమే.

మాక్ నౌకలు ఈ వాదనకు అవతలి వైపు నుంచి బలమిస్తాయి. 1943 నుంచి 6 ధాన్యపు ఓడలపై, 13 ట్యాంకర్లపై విమానాల డెక్ కట్టి, మూడు నాలుగు స్వార్డ్‌ఫిష్ విమానాలను ఉంచారు. ధాన్యాన్నీ చమురునీ గొట్టాలతో నింపి గొట్టాలతోనే ఖాళీ చేస్తారు కాబట్టి పైన పెద్ద తలుపులు అక్కర్లేదు, డెక్ కప్పేసినా ఇబ్బంది లేదు. అవి వాణిజ్య పతాకంతో, వాణిజ్య సిబ్బందితో, మామూలు సరకులో అధిక భాగం మోస్తూనే కాన్వాయ్‌కు గగన రక్షణ ఇచ్చాయి. ఈ అంశానికి సంబంధించిన ఆవిష్కరణల్లో ఇంత పొదుపైనది మరొకటి కనబడదు.

ఇంధన, మందుగుండు, మరమ్మతు నౌకలు (చూ. నౌకాదళ సరఫరా)

ఇంధన నౌకల విషయంలో అమెరికా యుద్ధానికి ముందే ఆలోచించింది. 1936 నాటి మర్చంట్ మెరైన్ చట్టం యుద్ధంలో నౌకాదళానికి సహాయకంగా ఉండగల వాణిజ్య నౌకలను లక్ష్యంగా పెట్టుకుంది. దాని కింద చమురు కంపెనీకి కడుతున్న 12 ట్యాంకర్లకు 18 నాట్ల వేగం వచ్చేలా అదనపు ఖర్చును ప్రభుత్వం భరించింది. వాణిజ్యానికి అంత వేగం అక్కర్లేదు, యుద్ధనౌకల వెంట నడవాలంటే కావాలి. సిమారాన్ తరగతిగా పేరుపడిన ఈ నౌకలు పసిఫిక్ యుద్ధంలో ఇంధన సరఫరాకు ఆధారమయ్యాయి. వాటిలో నాలుగు 1942లో విమానవాహకాలుగా మారి, ఇతర నౌకలకు ఇంధనం ఇచ్చే శక్తిని కూడా నిలుపుకున్నాయి.

మందుగుండు మోయడం పైకి సరకు మోయడం లాగే కనిపిస్తుంది. కాని ఒక్క పొరపాటుకు ఓడంతా పోతుంది. మార్కో పోలో పేరుతో సరకు ఓడగా నిర్మాణం మొదలై మందుగుండు నౌకగా పూర్తయిన మౌంట్ హుడ్ 1944 నవంబరు 10న మానస్ దీవిలోని సీయాడ్లర్ రేవులో పేలింది. ఓడలో ఉన్న ఒక్కరూ మిగల్లేదు, చుట్టూ ఉన్న ఓడల్లోనూ వందలమంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. మార్పిడి లోపమే దీనికి కారణమని చెప్పలేం. ఆ ప్రమాదం ఆ పనిలోనే ఉంది.

ఒకే ఓడకు రెండు పనులు అప్పగిస్తే ఏమవుతుందో జపాన్ నౌక హొకొకు మరు చూపింది. ప్రయాణికులకూ సరకుకూ కట్టిన ఈ ఓడను తుపాకులతో సహాయక క్రూయిజర్‌గా మార్చి, 1942లో హిందూ మహాసముద్రంలో జలాంతర్గాములకు సరఫరా నౌకగానూ వాడారు. అదే ఏడాది నవంబరు 11న అది, దాని జత నౌక ఐకొకు మరు కలిసి రాయల్ ఇండియన్ నేవీకి చెందిన చిన్న మైన్‌స్వీపర్ బెంగాల్‌నూ, డచ్చి ట్యాంకర్ ఒండినానూ అడ్డగించాయి. చెరొక తుపాకి ఉన్న ఈ రెండిటి కాల్పుల్లో పదివేల టన్నుల హొకొకు మరు నిప్పంటుకుని పేలి మునిగింది. బెంగాల్, ఒండినా రెండూ బయటపడ్డాయి. కవచం, అరల విభజన లేని ఓడపై తుపాకులు పెంచితే అది యుద్ధనౌక అయిపోదు.

ఫాక్లండ్స్ యుద్ధం, 1982

ఈ పద్ధతికి ఇటీవలి కాలపు అతి పెద్ద పరీక్ష బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన ఈ యుద్ధమే. 1982 ఏప్రిల్ 4న వచ్చిన ఉత్తర్వుతో బ్రిటన్ వాణిజ్య నౌకలను స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టింది. 8,000 మైళ్ల దూరంలో స్థావరం లేని యుద్ధానికి దాదాపు యాభై వాణిజ్య నౌకలు పనిచేశాయి. ఉత్తర సముద్రపు చమురు బావుల దగ్గర గజ ఈతగాళ్లకు సాయపడే స్టెనా సీస్ప్రెడ్‌లో పనిశాలలూ క్రేన్లూ అప్పటికే ఉన్నాయి. అది మరమ్మతు నౌకగా వెంటనే కుదిరి, యుద్ధనౌకలను బాగుచేసింది. విద్యార్థులను తిప్పే ఉగాండా జిబ్రాల్టర్‌లో మూడు రోజుల్లో ఆసుపత్రి నౌక అయింది. చమురు ట్యాంకర్లు చమురే మోశాయి. వీటి గురించి తక్కువగా వినబడడానికి కారణం, అవి తమ పని చేసుకుంటూ పోవడమే.

అట్లాంటిక్ కన్వేయర్ కథ వేరు. క్యూనార్డ్ సంస్థకు చెందిన ఈ కంటైనర్ నౌకను డెవన్‌పోర్ట్‌లో రెండు వారాలలోపే మార్చారు. డెక్ మీద రెండు వైపులా కంటైనర్లను గాలికి అడ్డుగోడలుగా పేర్చి మధ్యలో విమానాలు నిలిపారు. అది 14 హారియర్ విమానాలను విజయవంతంగా చేర్చి, అవి విమానవాహకాలకు వెళ్లిపోయేదాకా తన పని చేసింది. 1982 మే 25న అర్జెంటీనా విమానాలు వదిలిన రెండు ఎక్సోసెట్ క్షిపణులు తగిలి మంటలు లేచాయి. కెప్టెన్ ఇయన్ నార్త్‌తో సహా 12 మంది చనిపోయారు. 6 వెసెక్స్, 3 చినూక్ హెలికాప్టర్లు, వేలమందికి సరిపడే గుడారాలు, రన్‌వే సామగ్రి పోయాయి. గాలిలో ఉన్న ఒకే చినూక్ మిగిలింది. ఫలితంగా సైనికులు ఈస్ట్ ఫాక్లండ్ తడి నేలపై మూటలు మోసుకుంటూ నడిచారు.

ఆ ఓడకు ఆత్మరక్షణ పరికరాలు లేవు. అమర్చే సమయం లేకపోవడం, వాణిజ్య నౌకపై ఆయుధాలు పెట్టడంలోని చట్టపు సందేహం రెండూ చర్చకు వచ్చాయి. క్షిపణిని దారి తప్పించే పరికరం ఉంటే సరిపోయేదని కొందరు వాదించారు. ఆ వాదనలో కొంత నిజముంది. అయితే నష్టం పరిమాణాన్ని నిర్ణయించింది క్షిపణులు ఒక్కటే కాదు. భూమిపై పోరుకు కావలసిన హెలికాప్టర్లలో అంత భాగాన్ని, మంటలను ఆపే అరలు లేని ఒకే పొట్టలో ఉంచి యుద్ధరంగం దగ్గరకు పంపారు. శాంతికాలంలో ఒక కంటైనర్ ఓడ మునిగితే బీమా చెల్లిస్తుంది. యుద్ధంలో ఆ సరకుకు మారు లేదు.

వాణిజ్య రవాణాపై భారం

మార్పిడికి ఉన్న మరో అభ్యంతరం ఆర్థికమైనది: నౌకాదళం తీసుకున్న ప్రతి ఓడా ప్రజలకు తిండి, పరిశ్రమకు ముడిసరకు తేవడం మానేస్తుంది. జపాన్ ఇందుకు తిరుగులేని సాక్ష్యం. దాదాపు 60 లక్షల టన్నుల వాణిజ్య నౌకలతో యుద్ధంలోకి దిగిన జపాన్‌లో, పౌర ఆర్థిక వ్యవస్థకు కనీసం 30 లక్షల టన్నులు కావాలని దాని ప్రణాళికాకర్తలే లెక్కగట్టారు. సైన్యం, నౌకాదళం పోటీపడి ఓడలను తమ కింద ఉంచుకోవడంతో ఆ హద్దు నిలవలేదు. జలాంతర్గాములు ముంచిన ఓడల లోటు దానికి తోడై పరిశ్రమలు కుంటుపడ్డాయి.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ మన తీరానిదే. 1942 ఏప్రిల్ తొలివారంలో బంగాళాఖాతంలోని సరకు ఓడలు తోడు నౌకలు గానీ గగన రక్షణ గానీ లేకుండా తిరుగుతున్నాయి. జపాన్ అడ్మిరల్ ఒజావా నౌకలు కొద్ది రోజుల్లో 23 ఓడలను ముంచాయి. విమానవాహకం ర్యూజో నుంచి లేచిన విమానాలు ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. కొన్ని ఓడలను రక్షణకు మళ్లించడం వాణిజ్యానికి నష్టమే, కాని రక్షణ లేకపోతే ఓడలన్నీ రేవుల్లోనే ఆగిపోతాయి. ఎన్ని మళ్లించాలన్నదానికి ఒకే సూత్రం లేదు. సరకు మోసే శక్తిని మిగుల్చుకున్న మాక్ నౌకలు ఈ చిక్కుకు అన్నిటికన్నా దగ్గరి పరిష్కారం చూపాయి.

ముందస్తు సిద్ధత, నేటి స్థితి (చూ. హిందుస్తాన్ షిప్‌యార్డ్)

ఫాక్లండ్స్ తరువాత బ్రిటన్ ఆ యుద్ధంలో వాడిన కంటెండర్ బెజాంట్ అనే కంటైనర్ నౌకను కొని, బెల్‌ఫాస్ట్‌లో ఏళ్ల తరబడి మార్పులు చేసి, 1988లో ఆర్గస్ పేరుతో సేవలోకి తెచ్చింది. విమాన శిక్షణ నౌకగా మొదలై వైద్య నౌకగానూ పనిచేసిన ఆర్గస్ 2024లో మరమ్మతుకు చెన్నై దగ్గరి కాట్టుపల్లి రేవుకు వచ్చింది. అమెరికా కంటైనర్ ఓడలను క్రేన్ నౌకలుగా, రెండు ట్యాంకర్లను మెర్సీ, కంఫర్ట్ అనే వెయ్యి పడకల ఆసుపత్రి నౌకలుగా శాంతికాలంలోనే మార్చి ఉంచింది. ఇలా నిల్వ ఉంచడమూ పూచీ కాదు. 33 నాట్ల వేగంతో కట్టిన కంటైనర్ ఓడల్లో ఒకటైన అంటారెస్ 1990లో గల్ఫ్‌కు సామగ్రి తీసుకెళ్తూ అట్లాంటిక్‌లో ఇంజను చెడి ఆగిపోయింది. భారత నౌకాదళంలో 1996లో చేరిన ట్యాంకర్ జ్యోతి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వాణిజ్య నమూనాతో కట్టిన ఓడను నౌకాదళానికి తగినట్టు మార్చినది. ఇప్పుడు 44,000 టన్నుల సహాయక నౌకలు ఐదింటిని నౌకాదళం కోసమే కట్టే ఒప్పందం 2023లో విశాఖపట్నంలోని హిందుస్తాన్ షిప్‌యార్డ్‌కు దక్కింది.

వాణిజ్య నౌకల స్వభావమే మారడం ఈ పద్ధతి ముందున్న కొత్త చిక్కు. 1940ల సరకు ఓడకు సొంత డెరిక్కులుండేవి, ఏ రేవులోనైనా సరకు దించగలిగేది. నేటి పెద్ద కంటైనర్ ఓడలకు సొంత క్రేన్లు లేవు, రేవులోని యంత్రాలు లేకుండా అవి ఖాళీ కావు. ఇరవై ఇరవైఐదు మందితో నడిచే ఓడలో అదనపు మనుషులకు చోటు లేదు. ప్రపంచ నౌకల్లో పెద్ద భాగం పనామా, లైబీరియా, మార్షల్ దీవుల పతాకాల కింద నమోదైంది, సిబ్బంది ఇతర దేశాలవారు. సొంత పతాకం కింద తగిన ఓడలూ, తన పౌరులైన నావికులూ లేని దేశం ఉత్తర్వు ఇచ్చినా స్వాధీనం చేసుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు.